రక్తం వస్తోందని అక్కడ తోమడం మానేశాను

ఈసారి ఉత్తరం రాసినావిడ పేరు వేయొద్దన్నారు. పెద్ద ఉత్తరం. అందులో ముఖ్యమైన సంగతులు ఇవి.

ఆమెకు 37 ఏళ్లు, ఉద్యోగం చేస్తున్నారు. పొద్దున లేవగానే పళ్లు తోముకోనిదే మంచినీళ్లు కూడా ముట్టరు. అయినా ఏడాదిగా ఉమ్మిలో ఎరుపు కనిపిస్తోంది, ముఖ్యంగా కింది ముందు పళ్ల దగ్గర. "పుండవుతుందేమోనని మొదట అక్కడ మెల్లగా తోమేదాన్ని, తర్వాత అసలు మానేశాను" అన్నారు. ఈ మధ్య నోటి వాసన కూడా మొదలైంది. ఆఫీసులో ఎవరైనా దగ్గరికొచ్చి మాట్లాడితే నోటికి చేయి అడ్డం పెట్టుకుంటున్నారు. రెండేళ్ల క్రితం పన్ను నొప్పితో ఒక డెంటిస్టు దగ్గరికి వెళ్తే, "చదువుకున్నవాళ్లు, నోరు ఇలాగేనా ఉంచుకునేది?" అని సిబ్బంది అందరి ముందూ అన్నారట. ఆ పన్ను తీయించుకుని వచ్చేశారు, మళ్లీ ఏ డెంటిస్టు గడపా తొక్కలేదు. క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులైపోతాయని అక్క భయపెడుతోంది. వాళ్లమ్మగారికి 55 ఏళ్లకే పళ్లన్నీ పోయాయి, ఆవిడకి షుగర్ ఉంది. "నాకూ అదే రాసిపెట్టి ఉందా?" అని అడిగారు.

రెండో బెంగ ఆరేళ్ల బాబు గురించి. వాడి కింది దవడ పంటిలో నల్లటి గుంట కనిపించింది. అత్తయ్యగారు "పాలపన్నే కదమ్మా, ఎలాగూ ఊడేదే" అంటున్నారు. రాత్రి వాడు పక్క మీదికి చేరాక చక్కెర వేసిన పాలు తాగించి నిద్రపుచ్చడం ఆవిడకి అలవాటు. వద్దంటే చిన్నబుచ్చుకుంటారు. భర్తేమో ఇద్దరి మధ్యా నోరు విప్పరు. ఉత్తరం చివరి వాక్యం ఇది: "నా నోరే బాగోలేనప్పుడు వాడి పళ్ల గురించి నేనేం మాట్లాడను?"

సమాధానం:

ముందు ఆ రక్తం సంగతి మాట్లాడుకుందాం, ఎందుకంటే మీరు రాసినవాటిలో వెంటనే మార్చుకోవలసింది అదొక్కటే.

రక్తం కారే చోటుని ముట్టుకోకుండా వదిలేయడం ఎవరికైనా తోచే పనే. చేతికి గాయమైతే దాన్ని రుద్దం కదా. చిగురు దగ్గర మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది. పన్నూ చిగురూ కలిసే అంచున పాచి చేరుతుంది. పాచి అంటే తిన్న తిండి అంటుకోవడం అనుకుంటాం గానీ, అది పంటికి జిగురులా పట్టుకుని ఉన్న బ్యాక్టీరియా పొర. దాన్ని ఎదుర్కోవడానికి శరీరం అక్కడికి రక్తాన్ని ఎక్కువగా పంపుతుంది. చిగురు ఎర్రబడి, ఉబ్బి, బ్రష్ తగిలితే చాలు చిట్లుతుంది. మీరు దెబ్బ తగిలిందనుకుని వదిలేశారు. అక్కడ పాచి ఇంకా పెరిగింది, చిగురు ఇంకా ఉబ్బింది, ఈసారి ఇంకాస్త తేలిగ్గా రక్తం వచ్చింది. ఏడాదిగా జరుగుతున్నది ఇదే.

1965లో డెన్మార్క్‌లో హరాల్డ్ లో అనే పరిశోధకుడి బృందం 12 మందితో ఒక ప్రయోగం చేసింది. చిగుళ్లు ఆరోగ్యంగా ఉన్నవాళ్లని కొన్నాళ్లు పళ్లు శుభ్రం చేసుకోవద్దన్నారు. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్ల వాపు వచ్చింది. మళ్లీ తోముకోవడం మొదలుపెట్టాక వారం రోజుల్లో తగ్గిపోయింది. మీ ఉత్తరం చదువుతుంటే నాకు ముందు గుర్తొచ్చింది ఇందులో రెండో సగమే. ఈ దశలో ఉన్న చిగురు వెనక్కి వస్తుంది, తొందరగా వస్తుంది.

ఒక పని చేసి చూడండి. నాలుక కొనతో కింది ముందు పళ్ల లోపలి వైపు, చిగురు దగ్గర తడమండి. తర్వాత పై ముందు పళ్ల బయటి వైపు తడమండి. పైన నున్నగా జారుతుంది. కింద గరుకుగా, సన్నటి గట్టులా ఏదైనా తగిలితే అది గార. లాలాజల గ్రంథుల నాళాలు కొన్ని సరిగ్గా అక్కడే, నాలుక కింద తెరుచుకుంటాయి. ఆ లాలాజలంలోని ఖనిజాలు పాచిలోకి ఇంకి గట్టిపడి రాయిలా అవుతాయి. అందుకే అందరికీ గార ముందు పట్టే చోట్లలో అది ఒకటి. మీకు రక్తం అక్కడే ఎక్కువ రావడంలో వింతేమీ లేదు. మెత్తటి పాచిని బ్రష్ తీసేస్తుంది గానీ గారను ఏ బ్రషూ ఏ పేస్టూ తీయలేవు. పిన్నుతోనో సూదితోనో గీకాలనిపిస్తుంది, దయచేసి ఆ పని మాత్రం చేయకండి. చిగురు కోసుకుంటుంది, గార అలాగే ఉంటుంది.

ఇప్పుడు మీ ముందు రెండు దారులున్నాయి. మొదటిది, రెండు వారాలు ఇంట్లోనే సరిగ్గా శుభ్రం చేసుకుని చూడటం. గార పెద్దగా లేకపోతే రక్తం చాలావరకు తగ్గుతుంది, మీకు ధైర్యం వస్తుంది. గార ఉంటే కొంత తగ్గి అక్కడే ఆగుతుంది, అప్పుడు ఎలాగూ వెళ్లాలి. రెండోది, ముందే వెళ్లి క్లీనింగ్ చేయించుకుని ఆ తర్వాత ఇంట్లో కాపాడుకోవడం. ఇది వేగంగా పని చేస్తుంది. కానీ ఇంట్లో పద్ధతి మారకుండా క్లీనింగ్ ఒక్కటే చేయించుకుంటే కొన్ని నెలల్లో మళ్లీ ఇదే కథ. మీ భయం చూస్తే మొదటిదానితో మొదలుపెట్టడంలో తప్పు లేదనిపిస్తోంది. ఒక్క మాట: ఏ పన్నైనా కదులుతున్నట్టు అనిపించినా, చిగురు నొక్కితే చీము వచ్చినా, చిగురు కిందికి జారి పళ్లు మునుపటికన్నా పొడుగ్గా కనిపిస్తున్నా ఆ రెండు వారాలూ ఆగకండి. చిగుళ్ల వాపు దాటి, పంటిని పట్టుకున్న ఎముక కరగడం మొదలైందంటే, కరిగిన ఎముక దానంతటది తిరిగి రాదు. అప్పుడు చేసే వైద్యం చాలావరకు మిగిలినది పోకుండా చూసుకోవడానికే.

మీ అక్క చెప్పిన భయం చాలామందికి ఉంది. అది పూర్తిగా కల్పన కూడా కాదు. క్లీనింగ్ అయిన రోజు పళ్ల మధ్య ఖాళీలు తెలుస్తాయి, చల్లటి నీళ్లు తగిలితే జివ్వుమంటుంది. ఏళ్ల తరబడి ఆ ఖాళీలను గార నింపేసి ఉంది, ఉబ్బిన చిగురు కప్పేసి ఉంది. రెండూ తగ్గేసరికి పన్ను కొత్తగా అనిపిస్తుంది. ఎముక ముందే కరిగిపోయి, గారే పన్నుని కట్టుగా పట్టి ఉంచిన నోళ్లలో గార తీశాక కదలిక తెలుస్తుంది. ఆ కదలిక తెచ్చింది గార. క్లీనింగ్ దాన్ని బయటపెట్టింది, అంతే. జివ్వుమనడం సాధారణంగా కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది.

ఇక ఇంట్లో చేసుకునే పద్ధతి. మీ శ్రమలో లోపం లేదు, రోజూ పొద్దున తప్పకుండా చేస్తున్నారు. ఆ శ్రమ అందాల్సిన వేళకీ అందాల్సిన చోటికీ అందడం లేదు. వేళంటే రాత్రి. నిద్రలో లాలాజలం ఊరడం బాగా తగ్గిపోతుంది. పగలంతా పంటిని కడుగుతూ, ఆమ్లాన్ని విరుస్తూ ఉండేది ఆ లాలాజలమే. అది తగ్గిన ఏడెనిమిది గంటలు పాచినీ తిన్నదాన్నీ నోట్లో వదిలి పడుకోవడం కాపలా లేని ఇంటి తలుపు తెరిచి పెట్టడం లాంటిది. రెండు పూటలా తోముకోండి. ఏ రోజైనా ఒకటే కుదిరితే అది రాత్రిదే కానివ్వండి.

చోటంటే చిగురు అంచు. చాలామంది పళ్ల నడిమి భాగం మీద బ్రష్‌ను అడ్డంగా, గట్టిగా లాగుతారు. పాచి అంచున ఉంటే రాపిడి నడుమ పడుతుంది. మెత్తటి కుచ్చు ఉన్న బ్రష్ తీసుకుని, సగం కుచ్చు పంటి మీద, సగం చిగురు మీద ఉండేలా 45 డిగ్రీల ఏటవాలుగా పెట్టండి. పెన్సిల్ పట్టుకున్నట్టు వేళ్లతో పట్టుకుంటే బలం దానంతటదే తగ్గుతుంది. రెండు మూడు పళ్లను ఒక గుంపుగా తీసుకుని అక్కడక్కడే చిన్నగా కదిలించి, పంటి అంచు వైపు తుడవండి. తర్వాత పక్క గుంపు. కింది ముందు పళ్ల లోపలి వైపు బ్రష్ అడ్డంగా పట్టదు, నిలువుగా పట్టుకుని కొనతో చేయాలి. మొత్తం రెండు నిమిషాలు. గడియారం పెట్టుకుని ఒక్కసారి చేసి చూస్తే, ఇన్నాళ్లూ రెండు నిమిషాలనుకున్నది నిజంగా ఎంతో మీకే తెలుస్తుంది.

పేస్టులో ఫ్లోరైడ్ ఉండాలి. డబ్బా మీద 1000 నుంచి 1500 పీపీఎం మధ్య అంకె వెతకండి. మిగతా ప్రకటనల మాటలేవీ పట్టించుకోనక్కర్లేదు. తోమాక నురుగు ఉమ్మేయండి, నీళ్లతో గలగలా పుక్కిలించకండి. ఇది చాలామందికి కొత్తగా, కాస్త ఇబ్బందిగా ఉంటుంది. పుక్కిలిస్తే పంటి మీద పని చేయాల్సిన ఫ్లోరైడ్ కూడా నీళ్లతో పాటు పోతుంది. రెండు పళ్లు ఆనుకుని ఉన్న సందులోకి మాత్రం ఏ బ్రషూ వెళ్లదు. రోజుకొకసారి ఫ్లాస్ దారంతో గానీ, సందులు వెడల్పుగా ఉంటే సందుల్లో దూరే బుల్లి బ్రష్‌లతో గానీ తీయాలి. వాటితోనూ మొదటి రోజుల్లో రక్తం వస్తుంది, కారణం అదే. నోటి వాసన గురించి వేరే చెప్పాల్సింది తక్కువ. చిగుళ్లు బాగుపడి, నాలుక వెనక భాగం రోజూ మెల్లగా గీస్తే చాలామందికి పోతుంది. మౌత్‌వాష్ వాసనని కాసేపు కప్పుతుంది, పాచిని తోమడానికి బదులు కాదు.

అమ్మగారి పళ్ల గురించి. చిగుళ్ల జబ్బు కొందరికి తేలిగ్గా పట్టడంలో వంశం పాత్ర కొంత ఉంది, కాదనను. కానీ మీరే రాశారు, ఆవిడకి షుగర్ అని. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ల జబ్బు ముదురుతుంది, చిగుళ్ల జబ్బు ముదిరితే షుగర్ అదుపు తప్పుతుంది. రెండూ ఒకదాన్నొకటి ఎగదోసుకుంటాయి. అమ్మ నుంచి మీకు రాగలిగేది జబ్బు పట్టే గుణం మాత్రమే. పళ్లు ఊడాలంటే పాచి కూడా కావాలి, పాచి మీ చేతిలో ఉంది. మీరు ఒకసారి రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకోండి. ఏడాదిగా రక్తం కారుతున్న చిగుళ్లు, ఇంట్లో షుగర్ ఉంటే చూసుకోవడం మంచిది. ఇది చదువుతున్న పొగతాగేవాళ్లకి కూడా ఒక మాట: పొగ చిగుళ్లకి రక్తం సరిగా అందకుండా చేస్తుంది, కాబట్టి జబ్బున్నా రక్తం సరిగా రాదు. నాకు రక్తం రాదు కదా అని నిశ్చింతగా ఉండకండి.

ఇక బాబు సంగతి. "ఎలాగూ ఊడేదే" అన్న అత్తయ్యగారి మాట ముందు పళ్ల వరకు దాదాపు నిజం. అవి ఆరేడేళ్లకి రాలడం మొదలవుతుంది. దవడ పాలపళ్లు అలా కాదు. వాటిలో చివరివి 10 నుంచి 12 ఏళ్ల దాకా ఉంటాయి. మీవాడు ఆ పంటితో ఇంకా నాలుగైదేళ్లు నమలాలి. అడుగున శాశ్వత పన్ను తయారవుతోంది. పిప్పి లోతుకెళ్లి చీము పడితే నొప్పి, జ్వరం, నిద్ర లేని రాత్రులు, ఒక్కోసారి కింది పంటికీ హాని. పన్ను ముందే తీసేయాల్సి వస్తే వెనకున్నది ముందుకి జరిగి, రావాల్సిన దానికి చోటు లేకుండా చేస్తుంది.

డాక్టరు గుంట లోతుని బట్టి దారి చెప్తారు. గుంట చిన్నదైతే శుభ్రం చేసి ఫిల్లింగ్. పిల్లవాడు కూర్చోనంటే సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే మందు పూస్తారు. డ్రిల్లింగ్ ఉండదు, పిప్పి చాలాసార్లు ఆగుతుంది, కానీ ఆ చోటు శాశ్వతంగా నల్లగా అయిపోతుంది. పెద్ద గుంటైతే నరానికి వైద్యం చేసి తొడుగు వేస్తారు. తీసేయక తప్పకపోతే ఆ ఖాళీ మూసుకుపోకుండా చిన్న తీగ లాంటి అమరిక పెట్టాలా అని అడగండి. ఏమీ చేయకుండా చూద్దామని వదిలేయడం కూడా ఒక దారే. అలా ఎంచుకుంటే మూడు నెలలకొకసారైనా డాక్టరు చేత చూపించాలి. ముదురుతున్న పిప్పి ప్రతిసారీ నొప్పితో ముందే చెప్పదు. పంటి పై పొర ఎనామిల్‌లో నరం లేదు, అది కరుగుతున్నంతసేపూ పిల్లవాడికి తెలియదు.

ఇంకో సంగతి, టార్చి పట్టుకుని చూడండి. ఆరేళ్ల ప్రాయంలో పాలపళ్ల వరసకి వెనక, చివర, ఒక కొత్త పన్ను వస్తుంది. దాని కోసం ఏ పన్నూ ఊడదు, అందుకే పెద్దవాళ్లు దాన్ని కూడా పాలపన్నే అనుకుని వదిలేస్తారు. అది శాశ్వత పన్ను, జీవితాంతం ఉండాల్సింది. దాని నమిలే భాగంలో లోతైన గీతలుంటాయి. అక్కడ పిప్పి పట్టకుండా సీలెంట్ అనే పూత వేయించొచ్చు. ఆ వయసులో వాడి చేతికి తోమేంత నేర్పు ఉండదు. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా రాత్రిపూట పెద్దవాళ్లే తోమాలి, బఠాణీ గింజంత పేస్టుతో.

పాల విషయంలో అత్తయ్యగారితో మాట్లాడటం మీకు అన్నిటికన్నా కష్టంగా ఉందని ఉత్తరంలోనే తెలుస్తోంది. తప్పు ఎవరిదన్న చర్చలోకి వెళ్తే ఆవిడ చిన్నబుచ్చుకోవడం ఖాయం, మర్నాటికి మళ్లీ పాలు పక్క మీదికే వస్తాయి. జరిగేది చెప్పండి చాలు. తీపి నోట్లోకి వెళ్లిన కొద్ది నిమిషాల్లోనే పాచిలోని బ్యాక్టీరియా దాన్ని ఆమ్లంగా మారుస్తుంది. ఆమ్లం ఎంతుందో చెప్పే అంకె పీహెచ్ (అది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 5.5 కన్నా తగ్గితే ఎనామిల్‌లోంచి ఖనిజం కరుగుతుంది. లాలాజలం దాన్ని సరిదిద్దడానికి అరగంట నుంచి గంట పడుతుంది. పగలు భోజనంతో పాటు తీపి తింటే పంటికి తేరుకునే వ్యవధి ఉంటుంది. గంటకొకటి చొప్పున కొంచెం కొంచెం తింటే ఉండదు. నిద్రకి ముందు తాగితే తేర్చేది ఎవరూ లేరు. కాబట్టి పాలు మానక్కర్లేదు, వేళ మారిస్తే చాలు. పడుకోవడానికి కాస్త ముందు, వీలైతే చక్కెర లేకుండా, ఆవిడే తాగించనివ్వండి. ఆ తర్వాత తోమడం, ఆపైన కథ. వాడికి నిద్ర రావడానికి కావాల్సింది ఆవిడ పక్కన ఉండటం, అది ఎక్కడికీ పోదు. టార్చి పట్టే పని కూడా ఆవిడకే ఇవ్వండి. ఆ కొత్త పన్ను తన కళ్లతో తను చూస్తే మీరు చెప్పాల్సింది చాలా తగ్గిపోతుంది. మీ వారిని తీర్పు చెప్పమని అడక్కండి, వారంలో మూడు రాత్రులు బాబుకి తోమమని అడగండి.

మిగిలింది ఆ డెంటిస్టు అన్న మాట. నేను పళ్ల డాక్టర్ని. చాలా ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను. నోరు తెరవడానికి ముందే "ఏమీ అనుకోకండి డాక్టర్ గారూ" అనే వాళ్లని రోజూ చూస్తాను. ఒకావిడ రుమాలు నోటికి అడ్డం పెట్టుకునే కుర్చీలో కూర్చున్నారు. పావుగంట అలాగే మాట్లాడారు. చూస్తే వయసుకి తగ్గ మామూలు గార, కొంచెం వాపు. ఆవిడ నాలుగేళ్లు ఆగింది ఆ పావుగంటకి భయపడే. మీకు జరిగినది తప్పు. వైద్యుడికి రోగి నోటి మీద తీర్పు చెప్పే హక్కు లేదు, అందరి ముందూ అసలే లేదు. అక్కడికే వెళ్లనక్కర్లేదు. వేరే చోటికి ఫోన్ చేసి, "ఇదివరకు ఒకచోట మాట పడ్డాను, అందుకే చాలా రోజులుగా రాలేదు. చిగుళ్లు చూపించుకోవాలి, ఏం చేసినా ముందు చెప్పి చేయండి" అని అడగండి. వాళ్లు ఎలా జవాబిస్తారో వింటే వెళ్లాలో వద్దో తెలిసిపోతుంది. మొదటిసారి పరీక్ష వరకే అని కూడా అనొచ్చు. బాబుని చూపించే రోజునే మీరూ చూపించుకుంటే ఇద్దరికీ ధైర్యం. అయితే మీ భయం వాడికి అంటుతుందనిపిస్తే విడిగా వెళ్లడమే మంచిది, అది మీ మనసుకి తెలుస్తుంది.

"నా నోరే బాగోలేనప్పుడు" అన్నారు. వాడి పక్కన అద్దం ముందు నిలబడి మీరూ తోముకోండి. మీ ఉమ్మిలో ఎరుపు చూసి వాడు అడిగితే, అమ్మ చిగురు బాగవుతోందని చెప్పండి. ఇవాళ రాత్రి కింది ముందు పళ్ల లోపలి వైపు నుంచే మొదలుపెట్టండి, అన్నిటికన్నా ముందు అక్కడే. మొదటి మూడు నాలుగు రోజులు ఎరుపు ఎక్కువగానే కనిపిస్తుంది, ఆపకండి. క్యాలెండర్ మీద ఇవాళ్టి తేదీకి గుర్తు పెట్టుకోండి. పదో రోజుకి ఎంత తగ్గిందో, బాబు పంటి గురించి డాక్టరు ఏమన్నారో నాకు రాయండి.